అంటుకోవడం వేరు, నిలబడటం వేరు: బేకరీ ఓవెన్ ఎందుకు మొరాయిస్తుంది?

తెల్లవారుజామున నాలుగున్నరకు ఫోన్ మోగితే పేరు చూడక్కర్లేదు, ఎవరో బేకరీ మాస్టరే అయి ఉంటాడు. "అన్నా, ఓవెన్ అంటుకుంటలేదు. పిండి పొంగి తయారుగున్నది." జడ్చర్ల, మహబూబ్‌నగర్, వనపర్తి, ఇటు దేవరకొండ మీదుగా నల్లగొండ దాకా బేకరీల, హోటళ్ల ఓవెన్లు బాగుచేయడం నా పని. పొంగిన బన్ను పిండి ఎవరి కోసమూ ఆగదు. ఇంకో గంట దాటితే పులిసి చప్పబడిపోతుంది. ఆరింటికల్లా బస్టాండు చాయ్ హోటళ్లకు బన్నులు చేరాలి. మాస్టర్ టెన్షన్‌లో న్యాయం ఉంది. కానీ ఆ టెన్షన్‌లో చేసే పనే ఒక్కోసారి చిన్న లోపాన్ని పెద్ద ప్రమాదంగా మారుస్తుంది. అందుకే ఈ సంగతి మొదటి నుంచి, తీరిగ్గా చెప్పాలనుకున్నాను.

ఫోన్‌లో నేను ముందు అడిగేది ఒకటే. "తమ్మీ, మంట అసలు రాలేదా? వచ్చి పోయిందా?"

చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. "అదేనన్నా, అంటుకుంటలేదు" అని మళ్లీ అదే మాట అంటారు. టక్ టక్ శబ్దం కూడా రాకపోయినా అంటుకోవట్లేదనే అంటారు. శబ్దం వచ్చి మంట రాకపోయినా అదే మాట. మంట చక్కగా వచ్చి, నాబ్ వదలగానే ఆరిపోయినా అదే మాట. ఈ మూడూ మూడు వేర్వేరు జబ్బులు. జ్వరమా, కడుపునొప్పా చెప్పకుండా "ఒంట్లో బాగాలేదు" అంటే డాక్టర్ మాత్రం ఏ మందు రాస్తాడు? అందుకే కొన్ని చోట్ల నిప్పురవ్వ పుట్టించే ఇగ్నైటర్ మారుస్తారు, తర్వాత వాల్వ్ మారుస్తారు, ఆ తర్వాత కంట్రోల్ బాక్స్ మారుస్తారు. డబ్బు పోతుంది, లోపం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఓవెన్‌లో మంట నిలవాలంటే మూడు పనులు వరుసగా జరగాలి. నిప్పురవ్వ పుట్టాలి. ఆ రవ్వ దగ్గరికి గ్యాస్ తగినంత గాలితో కలిసి రావాలి. అంటుకున్నాక "మంట ఉంది" అన్న కబురు ఓవెన్‌కు అందాలి. మొదటి రెండూ అందరికీ తెలుసు, ఎందుకంటే ఇంట్లో పొయ్యి దగ్గర రోజూ చూసేవే. మూడోదే తెలియదు. నా అనుభవంలో డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఆ మూడోదాని దగ్గరే.

ఇంటి పొయ్యి మీద మంట ఆరిపోతే కళ్లకు కనిపిస్తుంది, వెంటనే కట్టేస్తాం. బేకరీ ఓవెన్ బర్నర్ రాయి కిందో, ఇనుప రేకు వెనకో దాక్కుని ఉంటుంది. మంట ఆరి గ్యాస్ వస్తూనే ఉంటే ఎవరికీ కనిపించదు. పైగా మనం వాడే ఎల్‌పీజీ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండింతలు బరువు. కిటికీలోంచి పైకి పోదు, నీళ్లలాగా కిందికి జారి ఓవెన్ అడుగున, నేల మీద, మురుగుకాల్వలో చేరుతుంది. వంద పాళ్ల గాలిలో రెండు పాళ్లు గ్యాస్ కలిస్తే చాలు, ఒక్క రవ్వతో భగ్గుమంటుంది. అందుకే మంట ఉందన్న రుజువు అందకపోతే గ్యాస్ దానంతటదే ఆగిపోయేలా ఓవెన్‌ను తయారు చేస్తారు. ఓవెన్ మొరాయించింది అనుకునే చాలా సందర్భాల్లో నిజానికి అది మొరాయించలేదు. మనల్ని కాపాడే పని చేసింది.

నాబ్ నొక్కి పట్టుకునే ఓవెన్

మన దగ్గర చిన్న బేకరీల్లో, పిజ్జా పెట్టే హోటళ్లలో ఎక్కువగా కనిపించేది నాబ్ నొక్కి పట్టుకుని వెలిగించే రకం. నాబ్ కాసేపు నొక్కి ఉంచాలని అందరికీ తెలుసు. ఎందుకు నొక్కాలో తెలిస్తే ఆ ఓవెన్ సగం అర్థమైనట్టే.

మంట పక్కన పెన్సిల్ మొనంత లావున్న ఒక రాగి రంగు పుల్ల ఉంటుంది. దాని తోకలా సన్నటి రాగి గొట్టం వాల్వ్ దాకా వెళ్తుంది. అదే థర్మోకపుల్. రెండు వేర్వేరు లోహాల్ని కొసన అతికించి వేడి చేస్తే అందులో కాస్త కరెంటు పుడుతుంది. ఎంత కాస్త అంటే 20 నుంచి 30 మిల్లీవోల్టులు. టార్చిలైటులో వేసే ఒక్క బ్యాటరీలో 1500 మిల్లీవోల్టులు ఉంటాయి, దానిలో యాభయ్యో వంతు అన్నమాట. ఆ కొద్దిపాటి కరెంటు వాల్వ్ లోపలి చిన్న అయస్కాంతాన్ని పట్టి ఉంచుతుంది. ఇక్కడ ఒక కిటుకుంది. ఆ అయస్కాంతం వాల్వ్‌ను తెరవలేదు, అంత బలం దానికి లేదు. తెరిచినదాన్ని మూసుకోకుండా పట్టుకోగలదు, అంతే. తెరిచేది మన వేలు. పుల్ల బాగా వేడెక్కేదాకా మన వేలే ఆ వాల్వ్‌ను మోయాలి, తర్వాత అయస్కాంతం అందుకుంటుంది.

దీనికి పావు నిమిషం నుంచి అర నిమిషం పడుతుంది. ఓవెన్ రాత్రంతా చల్లబడి ఉంటే, అందులోనూ చలికాలమైతే, ఇంకాస్త ఎక్కువ. మాస్టర్లు ఐదు సెకన్లకే చెయ్యి తీసేస్తారు. మంట పోతుంది. మళ్లీ నొక్కుతారు, మళ్లీ ఐదు సెకన్లే. "నాలుగుసార్లు చూసినన్నా, నిలుస్తలేదు" అంటారు. ముప్పై దాకా పైకి లెక్కపెట్టి చెయ్యి తీయమని ఫోన్‌లోనే చెప్తాను. అలా పానా పట్టకుండా బాగైన ఓవెన్లు చాలా ఉన్నాయి.

ముప్పై లెక్కపెట్టినా నిలవకపోతే అప్పుడు పుల్ల వైపు చూడాలి. మహబూబ్‌నగర్‌లో ఒక బేకరీకి వెళ్తే, అప్పటికే రెండుసార్లు స్పార్క్ సెట్టు మార్చి ఉన్నారు. నిజానికి స్పార్క్‌తో ఏ ఇబ్బందీ లేదు, మంట ఒక్క దెబ్బకే అంటుకుంటోంది. మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి చూశాను. మంట నీలంగా, నిటారుగా ఉంది. థర్మోకపుల్ కొస మాత్రం దానికి అగ్గిపుల్ల మందమంత పక్కకు జరిగి ఉంది. మంట దాన్ని తాకుతూ తాకనట్టు పోతోంది. అడుగు ఊడ్చే ఇనుప బ్రష్ ఎప్పుడో దాన్ని నెట్టి ఉంటుంది. గ్యాస్ కట్టి, చల్లారాక, కొసను మంట వచ్చే చోటికి సర్ది మరను బిగించాను. కొసన ఒక సెంటీమీటరు మేర మంట చుట్టుకోవాలి. మంట నిలిచింది. కొత్త సామాను ఒక్కటీ పట్టలేదు.

కొస సరైన చోటే ఉండి మసి పట్టి ఉంటే మెత్తగా రుద్ది తుడవాలి. వాల్వ్ దగ్గరి నట్టు వదులైతే ఆ కొద్ది కరెంటు దాటలేదు. చేత్తో బిగించి, ఆపైన పానాతో పావు చుట్టు తిప్పితే చాలు. బలముంది కదా అని బిగిస్తే లోపలున్న చిన్న వాషర్ నలిగి కరెంటు అక్కడే ఆగిపోతుంది. ఇవన్నీ బాగున్నాక మల్టీమీటర్ పెట్టి చూడండి. కొసను మంటలో ఉంచి, వాల్వ్ వైపు కొసను విప్పి కొలిస్తే 20 మిల్లీవోల్టులు దాటాలి. 10 దగ్గరే ఆగిపోతే పుల్ల అరిగిపోయింది, మార్చాల్సిందే. పుల్ల మంచి కొలత చూపిస్తున్నా మంట నిలవకపోతే, అప్పుడు వాల్వ్‌లోని అయస్కాంతాన్ని అనుమానించాలి. ఈ వరుస తప్పితే, వందల్లో పోయేదానికి వేలు పోస్తారు.

టక్ టక్ అంటుంది గానీ

స్పార్క్ వైపు లోపాలు ఇంత తికమకవి కావు. మంటకు దగ్గరగా ఒక లోహపు పుల్ల, దాని చుట్టూ తెల్లటి పింగాణీ గొట్టం ఉంటాయి. పుల్ల కొస నుంచి బర్నర్‌కు 3, 4 మిల్లీమీటర్ల సందులో రవ్వ దూకాలి. సందు పెరిగితే దూకలేదు, తగ్గితే రవ్వ చిన్నదై గ్యాస్‌ను అంటించలేదు. ఆ రవ్వ వెనక వేల వోల్టులు ఉంటాయి కాబట్టి దానికి ఎక్కడ దగ్గరి దారి దొరికితే అక్కడికే పోతుంది. పింగాణీలో వెంట్రుకంత పగులు ఉన్నా చాలు.

ఆ పగులు పగటి వెలుతురులో కనబడదు. గ్యాస్ పూర్తిగా కట్టేసి, తలుపు తెరిచి గాలి ఆడనిచ్చి, లైట్లు తీసేసి స్పార్క్ నొక్కి చూడండి. కొస దగ్గర నీలి గీత కనిపిస్తే సరే. అది కాక మధ్యలో, పింగాణీ ఒంటి మీద, చీమంత నీలి మెరుపు పక్కకు దూకుతూ కనిపిస్తే లోపం అక్కడే. టక్ టక్ శబ్దం మాత్రం రెండింటికీ ఒకేలా ఉంటుంది. చెవిని నమ్మి మోసపోయేది ఇక్కడే.

జడ్చర్ల దగ్గర 44వ జాతీయ రహదారి మీద ఒక దాబా ఉంది. వాళ్ల ఓవెన్ వారంలో ఒక్కరోజే, మంగళవారం పొద్దున్నే, అంటుకునేది కాదు. మధ్యాహ్నానికి దానంతటదే బాగయ్యేది. నేను వెళ్లేసరికి బాగానే ఉండేది. రెండుసార్లు ఖాళీ చేతులతో తిరిగొచ్చాను. మూడోసారి వంటమనిషిని అడిగాను: "అక్కా, సోమవారం రాత్రి ఏం చేస్తరు?" "సోమారం కడుగుడు కదా, పైపు పెట్టి అంతా కొడ్తం" అంది. పైపు నీళ్లు పింగాణీ మీదికి, వైరు తొడుగులోకి వెళ్తున్నాయి. తడి ఉన్నంతసేపు రవ్వ తడి మీదుగా ఓవెన్ ఇనుప ఒంట్లోకి దిగిపోతుంది. ఆరాక మామూలే. ఓవెన్‌ను పైపుతో కొట్టొద్దు, తడిబట్టతో తుడవండి అని చెప్పాను. ఆ తర్వాత మంగళవారం ఫోన్లు ఆగిపోయాయి. అందుకే ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా "నిన్న రాత్రి ఏం మారింది?" అని తప్పకుండా అడుగుతాను.

నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. నల్లగొండ నీళ్లనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. ఆ నీటిని పటిక, సున్నంతో శుభ్రం చేసే పద్ధతికి నల్లగొండ పద్ధతి అనే పేరుంది. కానీ ఓవెన్‌ను పీడించేది ఫ్లోరైడ్ కాదు, బోరు నీళ్లలోని సున్నపు లవణాలు. ఆవిరి పట్టే ఓవెన్లలో ఆ నీళ్లు ఎగిరిపోయి తెల్లటి పొట్టు మిగులుతుంది. గిన్నె అడుగున పట్టే తెల్లపూత లాంటిదే. అది నీటి జెట్లలో పట్టి ఆవిరిని ఆపుతుంది, నీళ్లు కారిన చోటల్లా పుల్లల మీద పేరుకుంటుంది. ఆ ఓవెన్లకు సున్నపు లవణాలు తీసేసిన నీళ్లు ఇవ్వక తప్పదు.

మంటలో నుంచి కరెంటు

కొత్తగా వస్తున్న గ్యాస్ డెక్ ఓవెన్లలో (డెక్ అంటే ఒకదాని మీద ఒకటి ఉండే అర) నాబ్ నొక్కి పట్టుకునే పని లేదు. స్విచ్ వేస్తే చాలు. కంట్రోల్ బాక్స్ తానే స్పార్క్ ఇస్తుంది, తానే గ్యాస్ తెరుస్తుంది, కొన్ని సెకన్లలో మంట ఉన్నట్టు తెలియకపోతే తానే అన్నీ కట్టేసి ఎర్రలైటు వెలిగించి బజర్ మోగిస్తుంది. దీన్ని లాకౌట్ అంటారు. ఇక్కడే చదువుకున్న ఎలక్ట్రీషియన్లు కూడా తడబడతారు.

మంట ఉన్నట్టు ఈ బాక్స్‌కు ఎలా తెలుస్తుంది? వేడితో కాదు. మంటలోకి ఒక పుల్ల చొప్పించి ఉంటుంది, ఫ్లేమ్ రాడ్ అంటారు. మండుతున్న గ్యాస్‌లో విద్యుదావేశం ఉన్న కణాలు పుడతాయి, కాబట్టి మంటలోంచి కరెంటు పారుతుంది. బాక్స్ ఆ రాడ్‌కు ఏసీ వోల్టేజీ, అంటే అటూ ఇటూ దిక్కు మారుతూ ఉండేది, ఇస్తుంది. రాడ్ సన్నది, బర్నర్ వెడల్పు. అందువల్ల కరెంటు ఒక వైపు ఎక్కువగా, ఇంకో వైపు తక్కువగా పారి, మొత్తం మీద ఒకే దిక్కుకు పారినట్టు తేలుతుంది. ఏసీ కాస్తా డీసీ అవుతుంది. తడి, మసి, తగులుకున్న వైరు, ఇవేవీ ఏసీని అలా డీసీ చేయలేవు. మంట ఒక్కటే చేయగలదు. అందుకే ఇది గట్టి సాక్ష్యం. దీన్ని కనిపెట్టిన వాళ్ల బుర్రకు దండం పెట్టాలనిపిస్తుంది నాకు.

అయితే ఆ కరెంటు కొన్ని మైక్రో ఆంపియర్లే. అంటే ఆంపియర్‌లో పది లక్షల వంతులు ఐదో ఆరో. అది రాడ్ నుంచి మంటలోకి, మంట నుంచి బర్నర్‌లోకి, బర్నర్ నుంచి ఓవెన్ ఒంటి మీదుగా ఎర్త్ వైరులోకి, అక్కడి నుంచి బాక్స్‌కు తిరిగి చేరాలి. ఈ దారిలో ఎక్కడ తెగినా బాక్స్‌కు మంట లేనట్టే. మంట మీ కళ్లముందు భగభగా మండుతూ ఉంటుంది, అయినా ఐదారు సెకన్లకు అది కట్టేస్తుంది. రాడ్ మీద కాలిన దుమ్ము తెల్లటి పొరలా పట్టిందా చూడాలి. ఉంటే సన్నటి స్టీలు పీచుతో రుద్దాలి. గరుకు కాగితంతో రుద్దితే అందులోని ఇసుక రేణువులు అంటుకుని మళ్లీ పొరే అవుతుంది. ఆ తర్వాత చూడాల్సింది ఎర్తింగ్.

ఎర్తింగ్ షాక్ కొట్టకుండా ఉండటానికే అనుకుంటారు మనవాళ్లు. షాక్ కొట్టట్లేదు కదా అని ఆకుపచ్చ వైరు పీకి పక్కన పడేసిన హోటళ్లు చూశాను. ఈ ఓవెన్‌కు మాత్రం ఎర్తింగ్ లేకపోతే చూపే లేదు. అలాగే ఫేజు, న్యూట్రల్ తారుమారైనా చాలా కంట్రోల్ బాక్స్‌లకు మంట కనబడదు. ప్లగ్ బోర్డు ఎదురుగా నిలబడి, ఎర్త్ రంధ్రం పైన ఉండేలా చూస్తే, కుడి రంధ్రంలో టెస్టర్ వెలగాలి. ఎడమ దాంట్లో వెలిగితే వైర్లు తారుమారైనట్టే. ఫ్యాన్‌కు, ఫ్రిజ్‌కు, లైటుకు ఇదేమీ తేడా చేయదు. అందుకే ఏళ్ల తరబడి ఎవరూ గమనించరు. కొత్త ఓవెన్ వచ్చిన రోజు బయటపడుతుంది, నింద ఓవెన్ మీద పడుతుంది.

నల్లగొండలో ఒక ఫంక్షన్ హాల్ వంటశాలలో నన్ను బాగా తిప్పలు పెట్టిన లోపం ఇలాంటిదే. కరెంటు ఉన్నప్పుడు ఓవెన్ బంగారంలా పనిచేసేది. కరెంటు పోయి జనరేటర్ వేస్తే అంటుకుని, ఆరిపోయి, లాకౌట్. మళ్లీ కరెంటు రాగానే మామూలు. జనరేటర్ వోల్టేజీ తక్కువేమో అని స్టెబిలైజర్ కొన్నారు. లాభం లేదు. మీటర్ పెట్టి చూస్తే వోల్టేజీ నిండుగా 230 ఉంది. కానీ న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య సంబంధమే లేదు. విద్యుత్ శాఖ సరఫరాలో న్యూట్రల్‌ను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర భూమికి కలుపుతారు. ఆ జనరేటర్‌లో కలపలేదు. న్యూట్రల్ గాల్లో వేలాడుతోంది. మంటలోంచి ఎర్త్‌కు చేరిన కరెంటు తిరిగి బాక్స్‌కు వెళ్లే దారే లేదు. జనరేటర్ బిగించిన ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, దాని న్యూట్రల్‌ను పద్ధతి ప్రకారం ఎర్త్ గుంతకు కలిపించాం. ఓవెన్‌కు ఒక్క మర కూడా విప్పలేదు. ఇది మాత్రం సొంతంగా చేసే పని కాదు. తప్పు కలిపితే ఓవెన్ ఒంటి మీదికే కరెంటు వస్తుంది. లైసెన్సు ఉన్న మనిషి చేత చేయించండి.

గ్యాస్ వైపు

ఒక డెక్ వెలిగిస్తే బాగుంటుంది, రెండోది కూడా వెలిగిస్తే మొదటిది నీరసించి ఆరిపోతుంది. ఇలాంటప్పుడు స్పార్క్‌నూ, పుల్లనూ ముట్టొద్దు. గ్యాస్ చాలట్లేదు.

డిసెంబర్, జనవరి తెల్లవారుజాముల్లో ఇది ఎక్కువ. సిలిండర్‌లో గ్యాస్ ద్రవంగా ఉంటుంది. అది ఆవిరవుతూ పైపులోకి వస్తుంది. ఆవిరవ్వడానికి వేడి కావాలి, ఆ వేడిని సిలిండర్ ఒంటి నుంచే లాక్కుంటుంది. పెద్ద ఓవెన్ గట్టిగా లాగితే 19 కిలోల సిలిండర్ చెమటలు పట్టి, అడుగున మంచు కూడా కడుతుంది. ఎల్‌పీజీలో ప్రొపేన్, బ్యూటేన్ కలిసి ఉంటాయి. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి సులువుగా వెళ్లిపోతుంది. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర మరుగుతుంది, అదే ఎక్కువగా చివరికి మిగులుతుంది. అందుకే అయిపోవచ్చిన సిలిండర్ చలిలో ఇంకా డీలా పడుతుంది. రెండు సిలిండర్లను ఒకే పైపుకు కలిపే మానిఫోల్డ్ పెట్టుకోవడమే దీనికి మందు. సిలిండర్ మీద మరిగే నీళ్లు పోయడం, పడుకోబెట్టడం, తలకిందులు చేయడం చూస్తుంటాను. దయచేసి ఆ పని చేయకండి. పడుకోబెడితే ద్రవమే పైపులోకి వస్తుంది. ఒక్క చుక్క ద్రవం రెండు వందల రెట్లకు పైగా ఆవిరి అవుతుంది. బర్నర్ దగ్గర ఏం జరుగుతుందో ఊహించుకోండి.

ఒత్తిడి తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు, నీళ్లు పోసిన పారదర్శకమైన యూ గొట్టం చాలు. ఇంటి పొయ్యిల రెగ్యులేటర్ ఇచ్చే 30 మిల్లీబార్లు అంటే అడుగు ఎత్తు నీళ్లు. అంత సుతిమెత్తని ఒత్తిడి అది. మీ ఓవెన్‌కు ఎంత కావాలో వెనక అతికించిన రేకు మీద రాసి ఉంటుంది. అంతకు మించిన రెగ్యులేటర్ తగిలిస్తే మంట హోరుమంటూ బర్నర్‌ను విడిచి పైకి లేస్తుంది, రాడ్‌కు అందదు, ఆరిపోతుంది.

పాత ఓవెన్ కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. హైదరాబాద్‌లో పైపు గ్యాస్ మీద నడిచిన ఓవెన్‌ను చవకగా వస్తుందని నల్లగొండకు తెచ్చి సిలిండర్‌కు తగిలించారు ఒకచోట. పైపు గ్యాస్‌లో వేడి తక్కువ, కాబట్టి బర్నర్‌లోకి గ్యాస్ వదిలే దాని జెట్ రంధ్రం పెద్దది. ఎల్‌పీజీలో అదే పరిమాణానికి రెండున్నర రెట్లకు పైగా వేడి ఉంటుంది. ఆ పెద్ద రంధ్రంలోంచి అది వస్తే గాలి చాలక పసుపు రంగు మంట, దాని వెంట మసి. ఆ మసి పుల్లలను కప్పేసి సెన్సార్ పోయినట్టు కనిపించింది. రెండు సెన్సార్లు మార్చాక గానీ జెట్ల వైపు ఎవరూ చూడలేదు. మంట రంగు చూడటం అలవాటు చేసుకుంటే ఇవన్నీ ముందే తెలుస్తాయి. నీలంగా, నిలకడగా ఉండాలి. జెట్ పూడుకుంటే పిన్నీసు గుచ్చొద్దు, రంధ్రం పెద్దదవుతుంది. విప్పి కడిగి, ఊది బిగించండి.

డీజిల్ మీద నడిచే పెద్ద రోటరీ ఓవెన్లలోనూ సూత్రం ఇదే, సాక్ష్యం చెప్పేది మాత్రం వేరు. అక్కడ మంట వెలుగును చూసే చిన్న గాజు కన్ను ఉంటుంది. దానికి మసి పడితే గుడ్డిదవుతుంది, బర్నర్ ఎర్రలైటు వేస్తుంది. విప్పి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా నడిపితే పైపులో గాలి చేరి అప్పుడూ లాకౌటే. కానీ రీసెట్ బటన్‌ను పదిసార్లు నొక్కొద్దు. నొక్కిన ప్రతిసారీ మండని డీజిల్ లోపల పోగవుతుంది. పదకొండోసారి అంటుకుంటే ఆ మొత్తం ఒక్కసారిగా మండుతుంది.

"రోజూ ఢబ్ అంటదన్నా"

నాకు అన్నిటికంటే భయం వేసే మాట ఇది. "వెలిగించేటప్పుడు రోజూ ఢబ్ అంటది, అలవాటేనన్నా." గ్యాస్ వచ్చిన క్షణమే అంటుకుంటే ఏ చప్పుడూ రాదు. ఢబ్ అందంటే అంటుకునేలోపు గ్యాస్ పోగైందని అర్థం. స్పార్క్ పుల్ల పక్కనున్న రెండు మూడు రంధ్రాలు మైదా, చక్కెర పాకం, నెయ్యి కారి పూడుకుపోతే సాధారణంగా ఇలా అవుతుంది. గ్యాస్ దూరంగా ఉన్న రంధ్రాల్లోంచి వచ్చి, నిండి, పాకుతూ రవ్వ దగ్గరికి చేరుతుంది. ఇత్తడి బ్రష్‌తో పది నిమిషాల పని అది. చేయకపోతే రోజురోజుకూ పోగయ్యే గ్యాస్ పెరుగుతుంది, ఒకరోజు ఓవెన్ తలుపు ఎగిరొచ్చి ఎదురుగా నిలబడ్డ మనిషిని కొడుతుంది. ఆ ఎదురుగా ఉండేది ఎప్పుడూ మాస్టరో, హెల్పరో. ఓనర్ కాదు.

అందుకని ఒకసారి అంటుకోకపోతే నాబ్ కట్టి, తలుపు బార్లా తెరిచి, ఐదు నిమిషాలు ఆగాలి. పిండి పొంగుతున్నా సరే ఆగాలి. వంగి, అడుగు దగ్గర వాసన చూడాలి. ఎల్‌పీజీకి సొంత వాసన లేదు, మనకు తెలియాలనే ఘాటు వాసన వచ్చే మెర్‌కాప్టాన్ కలుపుతారు. రోజంతా వంటింట్లో ఉన్న ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది కాబట్టి బయటి నుంచి వచ్చిన మనిషిని చూడమనడం మంచిది. వాసన ఉంటే సిలిండర్ కట్టేయండి, ఏ స్విచ్చూ వేయకండి, తీయకండి, మనుషుల్ని బయటికి పంపండి. గ్యాస్ లీకుకు దేశమంతటా పనిచేసే నంబరు 1906.

వనపర్తి వైపు ఒక బేకరీలో చూసింది నేను మరిచిపోలేను. ఓవెన్ నాబ్‌ను లోపలికి నొక్కి, బైండింగ్ వైరుతో బిగించి కట్టేశారు. "పోయిన నెల వచ్చిన మెకానిక్ కట్టిండన్నా, అప్పటిసంది మస్తు నడుస్తుంది" అన్నాడు ఓనర్. నడవదా మరి. అయస్కాంతం చేయాల్సిన పని వైరు చేస్తోంది. తేడా ఏంటంటే, మంట ఆరితే అయస్కాంతం వదిలేస్తుంది, వైరు వదలదు. ఆ గదిలోనే, మైదా బస్తాల పక్కన, ఇద్దరు కుర్రాళ్లు రాత్రిళ్లు పడుకుంటారు. గ్యాస్ చేరేది నేల మీదికే.

ముందు సిలిండర్ కట్టి, ఆ వైరు కత్తిరించాను. థర్మోకపుల్ కొస కాలి, పిప్పళ్లు పట్టిన పన్నులా ఉంది. నా సంచిలో అదే కొలతది ఉంది. బిగించి, సబ్బు నురగ పెట్టి లీకు లేదని చూసి, కొత్తగా చేరిన హెల్పర్‌ను పిలిచాను. రేపటి నుంచి వెలిగించేది అతనే కదా. నాబ్ నొక్కి పట్టుకుని పైకి లెక్కపెట్టమన్నాను. పది దగ్గర నా వైపు చూశాడు, చెయ్యి తీయాలా అన్నట్టు. వద్దన్నాను. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై. వేలు తీశాడు. వంగి లోపలికి చూశాడు.

"ఉన్నదన్నా" అన్నాడు.